నవ్వుతా ఒక సాలు

"మా మిషన్ ఎవురు ఏం జెప్పినా ఇంటాది. తెలుగు, కన్నడ, కోపం, మూడు భాషలూ వచ్చు దానికి. ఏషియాలోనే ఫస్టు!"

తిరుమణి సోలార్ పార్కులో పన్నెండు మంది ఆడవాళ్ళ ముందు నిలబడి తిప్పేశ్ ఈ మాట అన్నప్పుడు టైము పొద్దున పది గంటలు. పదీ నాలుగు నిమిషాలకల్లా అది అబద్ధమని తేలిపోయింది. మధ్యలో ఉన్న ఆ నాలుగు నిమిషాలు మాత్రం అతని జీవితంలో చాలా గొప్పగా గడిచాయి.

మిషన్ అంటే నాలుగు చక్రాల బండి. దాని మీద ఒక పొడవాటి చెయ్యి, చెయ్యి చివర గిరగిరా తిరిగే బ్రష్షు. సోలార్ ప్లేట్ల వరసల మధ్య నడుస్తూ, చుక్క నీళ్ళు లేకుండా దుమ్ము దులపడం దాని పని. దూరం నుంచి చూస్తే ఒంటె ఒకటి చీపురు పట్టుకుని కూలికి వచ్చినట్టుంటుంది.

ఆ పన్నెండు మందీ రోజూ ఆ ప్లేట్లు తుడిచేవాళ్ళే. వాళ్ళలోనే ఒకతె, వాళ్ళ సూపర్‌వైజర్, భూమిక. దుమ్ముకి ముఖమంతా గుడ్డ చుట్టుకుని ఉండటంతో కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. ఆ కళ్ళు రెండూ చాలని తిప్పేశ్ తర్వాత చాలాసార్లు అనుకున్నాడు. ఆ రోజు మాత్రం అనుకునే తీరిక దొరకలేదు.

"ఎవురైనా చెప్పొచ్చా?" అంది భూమిక.

"ఎవురైనా మేడమ్. మీరైనా, ఆడ మేసే గొర్రెలైనా."

"పో" అంది భూమిక. బండి కదిలింది. వరస పొడుగునా దుమ్ము దులుపుకుంటూ చివరికి చేరింది. ఆడవాళ్ళు మెచ్చుకోలుగా చూశారు. తిప్పేశ్ కాలరు సర్దుకున్నాడు.

"సాలు" అంది భూమిక. అంటే చాలు, ఇంక ఆగు అని.

కానీ తిప్పేశ్‌ది ఆ పక్క ఊరే, క్యాతగానచెర్లు. ఇప్పుడు ప్లేట్ల కింద ఉన్న చేలో వాళ్ళ నాయన ఒకప్పుడు శెనక్కాయలకి సాళ్ళు తోలేవాడు. తిప్పేశ్ బుర్రలో సాలంటే నాగలి సాలు. కన్నడలోనూ సాలంటే వరసే. అందుకని 'సాలు' అంటే పక్క వరసలోకి తిరగమని మిషన్‌కి నేర్పాడు. ఆపడానికి 'స్టాప్' అని ఇంగ్లీషు మాట పెట్టాడు. రెండు భాషల డిక్షనరీలూ అతని పక్షానే ఉన్నాయి. ఎదురుగా ఉన్న పన్నెండు మంది మాత్రం లేరు.

మిషన్ బుద్ధిగా పక్క వరసలోకి తిరిగింది.

"సాలు, సాలు!" అంది భూమిక.

మిషన్ రెండు వరసలు దాటింది.

"సాలప్పా! సాలు సాలు సాలు!" పన్నెండు మందీ ఒకేసారి అరిచారు.

ఇంత పని ఇంతవరకూ దానికి ఎవరూ చెప్పలేదు. అయినా విసుక్కోకుండా అన్ని వరసలూ దాటుకుంటూ పోయింది. తిప్పేశ్ "స్టాప్!" అని అరిచాడు. భయానికి గొంతు సన్నబడి, మిషన్ అతన్ని గుర్తుపట్టలేదు. చివరి వరసలో ప్లేట్ల నీడన గొర్రెలు మేస్తున్నాయి. వాటిలో ఒకదాన్ని తల నుంచి తోక దాకా శుభ్రంగా తోమి, బ్రష్షు ఎత్తి, తరువాతి ఆజ్ఞ కోసం నిలబడింది. ఆ గొర్రె ఆ తరువాత నెల రోజుల పాటు మిగతా మందతో కలిసి మేయలేదనీ, నీళ్ళు కూడా విడిగా తాగిందనీ ఆ మంద సొంతూరు రాయచెర్లులో చెప్పుకుంటారు.

తిప్పేశ్ స్నేహితుడు మధుకుమార్ పరిగెత్తి బ్యాటరీ వైరు పీకేశాడు.

భూమిక ముఖానికున్న గుడ్డ విప్పింది. కోపంగా ఉంది. కోపం ఆమెకి బాగుంది. ఆ సంగతి చెప్పడానికి అది సమయం కాదని తిప్పేశ్‌కి కూడా తెలిసింది.

"గంగిరెద్దు నయమప్పా. దానికి తల ఊపేదన్నా వచ్చు. నువ్వు తోమించిన గొర్రె యావరిదో తెల్సునా? మా నాయనది."

మిషన్‌కి గంగిరెద్దు అనే పేరు ఆ నిమిషానే ఖాయమైంది.

బ్లాకు ఇన్‌ఛార్జి శివరాజు సార్ ఇదంతా టోపీ తీసి చూసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "పదిహేను దినాలు టైమిస్తా. మళ్ళీ ట్రయలు. పాసైతే ఈ బ్లాకంతా మీకే. అప్పుడు కూడా గొర్రెల్నే తోమితే గేట్ పాస్ వాపస్."

*

తిప్పేశ్, మధుకుమార్ కలిసి పెట్టిన కంపెనీ పేరు ధూళి ఇంటర్నేషనల్. హెడ్డాఫీసు, ఫ్యాక్టరీ, రీసెర్చ్ సెంటర్ అన్నీ పావగడలో ఒకే షట్టరు వెనక ఉంటాయి. డైరెక్టర్లు ఇద్దరు, కుర్చీలు రెండు. ఒక కుర్చీకి మూడే కాళ్ళు. అందువల్ల పెద్ద నిర్ణయాలు ఎవరో ఒకరు నిలబడే తీసుకోవాలి.

"పివట్ జేద్దాం రా" అన్నాడు మధుకుమార్, నిలబడి.

"పివట్ అంటే ఏందిరా?"

"ఓడిపోయినామని ఇంగ్లీషులో జెప్పేది. మాటలు, గీటలు వద్దు. చెవులు పీకేద్దాం. బటన్ ఒత్తితే దానంతట అదే పోవల్ల, రావల్ల. స్లైడు కూడా రెడీ చేసినా, చూడు." మధు లాప్‌టాప్ తిప్పాడు. ఎర్రటి పెద్ద అక్షరాలతో 'లేబర్: సున్నా' అని ఉంది. "పెద్ద ప్లాంటోళ్ళకి ఈ ఒక్క మాట సాలు."

"దానంతట అదే పోవల్లంటే గుంత తెలియల్ల, రాయి తెలియల్ల, గొర్రె తెలియల్ల. పదిహేను దినాల్లో అయ్యే పనేనా? మన దానికి చెవులు బాగానే ఉండాయి మధూ. ఈడి మాటలే లేవు. నీ గొంతు, నా గొంతు పెట్టి నేర్పినాం. తుడిచేటోళ్ళ గొంతులతో నేర్పాల్సింది."

"ఎన్ని దినాలు పడతాది?"

"పన్నెండు మంది, ఏడు మాటలు, ఒక్కో మాట ఇరవై తూర్లు. రెండు దినాలు సాలు."

పాఠకులు ఈ రెండు దినాల మాట గుర్తు పెట్టుకోవాలి. తిప్పేశ్ మాత్రం త్వరలోనే మర్చిపోబోతున్నాడు.

"ట్రయలు పోతే?" అన్నాడు మధు.

"షట్టరు దించేసేదే. నేను బెంగళూరులో పీణ్యా ఫ్యాక్టరీకి, నువ్వు మీ నాయన పంక్చర్ అంగడికి."

ఇద్దరూ గోడ కేసి చూశారు. కంపెనీకి ఉన్న ఒకే ఒక్క పోటీదారు గురించి మధు గోడ మీద ఎప్పుడో రాసి పెట్టాడు: 'వాన'. అదొచ్చి కడిగితే వీళ్ళ మిషన్‌తో ఎవరికీ పని లేదు. అదృష్టవశాత్తూ పావగడలో అది ఏడాదికి మూడు సార్లే డ్యూటీకొస్తుంది.

*

మరునాడు మధ్యాహ్నం ప్లేట్ల నీడలో ఆడవాళ్ళంతా సద్దులు విప్పుకుని కూర్చున్నారు. తిప్పేశ్ మైకు పట్టుకుని దోషిలాగా వెళ్ళి నిలబడ్డాడు.

"మీ మాటలు కావల్ల మేడమ్. మిషన్‌కి నేర్పేకి."

"నేర్పి?" భూమిక ముద్ద కలుపుతూనే అంది. "అది బాగా నేర్చుకున్న దినం మేం పన్నెండు మందిమి యాడికి పోవల్లప్పా? ఈ రంగక్క పార్కు పెట్టినప్పట్నించీ ఈడే తుడుస్తాండాది. మా గొంతు మేమే ఇచ్చి, మా పని మేమే పోగొట్టుకోవల్లనా?"

తిప్పేశ్‌కి 'లేబర్: సున్నా' కళ్ళ ముందు ఎర్రగా వెలిగింది.

"ఒక్కరి పని గూడా పోదు. నాదీ పూచీ" అన్నాడు.

ఎలా పోదో అతనికే తెలియదు. తెలియకుండా ఇంత ధైర్యంగా మాటిచ్చే మనిషి తాలూకా మొత్తం మీద ఎన్నికలప్పుడు తప్ప కనిపించడు.

భూమిక అతని ముఖం కేసి చాలాసేపు చూసింది. "సరే. పూచీ గుర్తుంచుకో. రంగక్కా, మొదుట నువ్వు చెప్పు."

రంగక్క గొంతు సవరించుకుని "సాలూ!" అంది. రోడ్డు మీద పోతున్న షేర్ ఆటో ఆగిపోయింది.

రెండు రోజుల్లో అందరి గొంతులూ అయిపోయాయి. 'సాలు' అంటే ఇప్పుడు ఆగడం. పక్క వరసకి 'పక్కది' అనే మాట పెట్టారు. రెండో రోజు సాయంత్రం తిప్పేశ్ పరీక్షించి చూస్తే పన్నెండు గొంతులూ మిషన్‌కి చక్కగా ఎక్కాయి. అన్నిటికంటే ముందు ఎక్కింది భూమిక గొంతే.

తిప్పేశ్ మైకు వైరు చుట్టడం మొదలుపెట్టాడు. భూమిక సామాన్లు సర్దుకుని చెప్పులేసుకుంది. ఆమె రెండు అడుగులు వేసేసరికి అతని నోరు అతన్ని అడగకుండానే తెరుచుకుంది.

"ఒక్క సమస్య ఉండాది మేడమ్."

"ఏంది?"

"అందరి గొంతూ ఎక్కినాది. మీది ఒక్కటే ఎక్కడం లేదు. ఫ్రీక్వెన్సీ అదేదో వేరేగా ఉండాది. ఇంకొన్ని దినాలు రికార్డు చేయల్ల."

భూమిక వెనక్కి తిరిగింది. "డ్యూటీలో కుదరదు. సాయంత్రం రాయచెర్లుకి రా, ఇంటి దగ్గర."

*

అలా తిప్పేశ్ రోజూ సాయంత్రం బైకు మీద రాయచెర్లు పోవడం మొదలైంది. "యాడికిరా?" అని మధు అడిగితే "రీసెర్చికి" అనేవాడు. రీసెర్చికి దువ్వుకుని, పౌడరు రాసుకుని పోయే సైంటిస్టును మధు అదే మొదటిసారి చూడటం.

భూమిక వాళ్ళమ్మ హనుమంతమ్మ బొరుగులు, టీ ఇచ్చేది. నాయన నరసప్ప అరుగు మీద కూర్చుని, తోమించుకున్న గొర్రెను పక్కనే కట్టేసుకుని, తిప్పేశ్‌ను సాక్షిని చూసినట్టు చూసేవాడు.

"కోపంగా సాలు అను" అనేవాడు తిప్పేశ్. మూడో రోజుకే 'మేడమ్' రాలిపోయింది.

"సాలు!"

"తొందరలో?"

"సాల్సాలు."

"టీ పోసేటప్పుడు?"

"సాలు, సాలు, సాలప్పా... ఇవన్నీ మిషన్‌కి ఎందుకు?"

"మిషన్ అన్నాక అన్నీ తెలిసుండల్ల. ఇప్పుడు నవ్వుతా ఒక సాలు."

"నవ్వుతా ఎవురైనా మిషన్‌ని ఆపుతారా?"

"బాగా పనిజేస్తే సంతోషంతో నవ్వరా? అప్పుడు ఆగకపోతే మళ్ళీ గొర్రె దాకా పోతాది."

గొర్రె పేరెత్తగానే భూమికకి నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలో, సగం గాలిలో కలిసిపోతూ, "సాలు" అంది. తిప్పేశ్ దాన్ని జాగ్రత్తగా రికార్డు చేశాడు. సరిగ్గా రాలేదన్నాడు. మళ్ళీ అనమన్నాడు. అలా సరిగ్గా రాని నవ్వులు ఆ వారంలో చాలా పోగయ్యాయి.

ఎనిమిదో రోజు పోటీదారు డ్యూటీకొచ్చింది. రాయచెర్లు రేకుల మీద వాన ఎవరో కంది బేడలు చేటలతో కుమ్మరిస్తున్నట్టు పడింది. ఎదురుగా కూర్చున్న మనిషి మాట కూడా వినపడటం లేదు. తిప్పేశ్ మైకు ఆన్ చేసే ఉంచాడు. భూమిక కూడా ఒక్కో మాట చెబుతూనే ఉంది. అతను తల ఊపుతూనే ఉన్నాడు. గంటసేపు ఇద్దరూ వానను రికార్డు చేశారు. చెయ్యి చాపితే అందేంత దూరంలో చూరు నీళ్ళు కారుతున్నాయి. ఆమె ఆ నీళ్ళు అరచేతిలో పట్టి, అతని ముఖం మీద చిలకరించి, "ఇది ఎక్కిందా?" అని పెదవులతో మాత్రం అడిగింది.

ఎక్కిందని తిప్పేశ్ తల ఊపాడు. అది మిషన్ సంగతి కాదు.

పోతూ పోతూ, "వస్తా మామా" అన్నాడు నరసప్పతో. నరసప్ప గొర్రె కేసి చూశాడు. గొర్రె నరసప్ప కేసి చూసింది.

*

ట్రయలు రోజు. శివరాజు సార్, మధుకుమార్, పన్నెండు మంది ఆడవాళ్ళు. మధు చంకలో లాప్‌టాప్, అందులో ఆ స్లైడు. తిప్పేశ్ ఆ స్లైడు తీసేయమని నాలుగుసార్లు చెప్పాడు. "ట్రయలు పాసవనీ, చూద్దాం" అన్నాడు మధు.

"పో" అన్నాడు శివరాజు సార్.

గంగిరెద్దు కదల్లేదు.

"సార్ గొంతు నేర్పలేదు సార్. రంగక్కా, నువ్వు చెప్పు" అన్నాడు తిప్పేశ్.

"పో!" అంది రంగక్క. రోడ్డు మీద ఏదో ఆటో బయల్దేరిన చప్పుడు వినిపించింది. గంగిరెద్దు మాత్రం కదల్లేదు. తరువాత ఇంకో పది మంది చెప్పారు. తిప్పేశ్ తనే చెప్పాడు. కన్నతండ్రిని కూడా గుర్తుపట్టకుండా అది ఎటో చూస్తూ నిలబడింది.

అప్పుడు తిప్పేశ్‌కి ఏం జరిగిందో అర్థమైంది. ఒక్కొక్కరి గొంతు రెండు రోజులు. ఒకే ఒక్క గొంతు పన్నెండు రోజులు. మొత్తం పోగులో ఆ ఒక్క గొంతే కొండలా పెరిగి, మిగతావన్నీ దాని కింద దుమ్ము అయిపోయాయి. అతను మిషన్‌కి మాటలు నేర్పలేదు. భూమికను నేర్పాడు.

షట్టరు, పీణ్యా బస్సు, రెండూ కళ్ళ ముందు కనిపించాయి.

"ఏమైందప్పా దీనికి?" అంటూ భూమిక ముందుకొచ్చింది.

ఆ గొంతు వినగానే గంగిరెద్దు బ్రష్షు ఎత్తింది.

అందరూ దాన్ని చూశారు. తరువాత భూమికను చూశారు. చివరికి తిప్పేశ్‌ను చూశారు. తిప్పేశ్ ఆకాశాన్ని చూశాడు.

"పో" అంది భూమిక నెమ్మదిగా. పోయింది. "నిదానం." నిదానించింది. "దించు. పక్కది. పో." గుంత వస్తే ఆమె "ఎత్తు" అంది, చెయ్యి లేచింది. దుమ్ము పట్టిన ప్లేట్లు వరస తరువాత వరస నల్లగా, తళతళా బయటపడ్డాయి. శివరాజు సార్ సంబరంగా ఫోను తీసి, వీడియో కోసం ఎదురుగా వెళ్ళి నిలబడ్డాడు. గంగిరెద్దు ఆయన వైపే తిన్నగా వస్తోంది. ఆయన ఫోన్లోంచి చూస్తూ ఒక్కో అడుగు వెనక్కి వేస్తున్నాడు, టోపీ జారుతోంది, వెనక కంచె. అచ్చం ఆనాటి గొర్రెలాగే.

భూమికకి నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగలేదు. మాట రావడం లేదు. మిషన్ ఆగాలి. సగం గాలి, సగం నవ్వు కలిసి, "సా...లు" అని మాత్రం బయటికొచ్చింది.

గంగిరెద్దు సార్ చొక్కా గుండీకి జానెడు దూరంలో టక్కున ఆగింది.

సార్ టోపీ సర్దుకుని ఊపిరి పీల్చుకున్నాడు. "పని బాగుంది. కానీ ఒక్క మనిషి మాటే ఇంటే ఎట్లప్పా? ఇది లోపమే కదా?"

మధు లాప్‌టాప్ తెరవబోయాడు. "అసలు మనుషులే అక్కర్లేకుండా..."

"లోపం గాదు సార్" అంది భూమిక. మధు చెయ్యి ఆగిపోయింది. "రేపు ఈడ పన్నెండు మిషన్లు పక్కపక్క సాళ్ళలో తిరుగుతాయనుకోండి. నేను సాలంటే అన్నీ ఆగిపోతే? రంగక్క పో అంటే అన్నీ బయల్దేరితే? అందరి మాటా ఇనేది ఎవురి పనికీ రాదు. ఒక్కో మిషన్‌కి ఒక్కో గొంతు ఉండల్ల. ఆమె తప్ప యావరు పిలిచినా కదలగూడదు."

శివరాజు సార్ తన చొక్కా గుండీ ఒకసారి తడుముకున్నాడు. "అంటే తాళం మాదిరి."

"తాళమే సార్. గొంతే బీగంచెవి. పన్నెండు మిషన్లకి పన్నెండు మందిమి ఉండాము."

సార్ ఆలోచించాడు. ఎవరు పడితే వాళ్ళు నడిపే మిషన్ కంటే, నడిపే మనిషి ఎవరో తెలిసిన మిషన్ మేలని ఆయన ముఖంలోనే తెలిసిపోయింది. తల ఊపాడు.

మధుకుమార్ గొప్ప వ్యాపారవేత్త అవుతాడని తిప్పేశ్‌కి ఆ క్షణంలోనే నమ్మకం కుదిరింది. ఎందుకంటే మధు ఒక వేలితో 'లేబర్: సున్నా' స్లైడును చెరిపేస్తూ, ముఖంలో ఏ మార్పూ లేకుండా, "మొదుట్నించీ ఇదే మా స్ట్రాటజీ సార్" అన్నాడు.

*

కొత్తగా చేయబోయే మిగతా మిషన్లకి గొంతులు నేర్పే పని భూమికకి అప్పగించారు. ఎలా చేయాలో చూపించడానికి ఆ ఆదివారం ఉదయం తిప్పేశ్, మధు రాయచెర్లు వచ్చారు. అరుగు మీద లాప్‌టాప్. ఒక పక్క నరసప్ప, గొర్రె. ఇంకో పక్క హనుమంతమ్మ, బొరుగులు.

"ఒక్కొక్కరికి ఎన్ని దినాలు పట్టొచ్చు?" అంది భూమిక.

"రెండు దినాలు సాలు" అన్నాడు మధు బొరుగులు నములుతూ. "నీకు గూడా రెండో దినమే ఎక్కినాది గదా. నాకు జెప్పినాడే."

తిప్పేశ్ దగ్గాడు. ఆలస్యమైంది. దగ్గు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తుంది.

భూమిక లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది. రంగక్క పేరు మీద నూట నలభై రికార్డింగులు. మిగతా పది మందివీ అంతే. భూమిక పేరు మీద రెండు వేల చిల్లర. వాటిలో ఒక ఫోల్డరు విడిగా ఉంది, పేరు 'నవ్వుతా సాలు'.

"రంగక్కకి నవ్వుతా సాలు లేదేంది?" అంది భూమిక.

"రంగక్క నవ్వదు" అన్నాడు తిప్పేశ్.

"రంగక్కనా? అది నిద్దర్లో గూడా నవ్వుతాది" అంది హనుమంతమ్మ.

నరసప్ప గొంతు సవరించుకున్నాడు. "చేను లీజుకి అడిగేకి సోలార్ కంపెనీవాళ్ళు మూడు తూర్లే వచ్చినారు. నువ్వు పది తూర్లు వచ్చినావు. మొదటి దినం అన్నా అంటివి. వానొచ్చిన దినానికి మామా అంటివి. ఎందుకప్పా?"

"నాయనా, నేను చేను గాదు" అంది భూమిక.

"అందుకే గదమ్మా వాణ్ణి అడుగుతాండా. లీజైతే కాగితం అడుగుదును. నీ మాటైతే నువ్వే చూసుకోవల్ల. నాకేం అడ్డం లేదు, గొర్రె జోలికి రాకపోతే."

మధుకుమార్ మెల్లగా బొరుగుల పళ్ళెంతో సహా గొర్రె వెనక్కి జరిగాడు.

"ఈ మాట నాకు వాన దినమే తెల్సు" అంది భూమిక, తిప్పేశ్ వైపు తిరిగి. "ఆ వాన సద్దులో ఎవురైనా రికార్డు చేస్తారా?"

"మరి... మరి ఎందుకు అడగలేదు?"

"నువ్వే చెప్తావేమోనని చూసినా. ట్రయలే పోయేది తిప్పేశా, నీ రీసెర్చి వల్ల. ఇప్పుడన్నా నిజం చెప్పు. రెండో దినమే సాలింది గదా?"

తిప్పేశ్ మిషన్ గురించి ఒక అబద్ధం వెతికాడు, దొరకలేదు. ఫ్రీక్వెన్సీ గుర్తొచ్చింది, పనికి రాలేదు. ఆమె కళ్ళు నవ్వుతున్నాయి, ముఖానికి ఏ గుడ్డా లేదు.

"మిషన్‌కి రెండో దినమే సాలింది" అన్నాడు. "నాకే సాల్లేదు."